మా బాపు మాటకు నాలుగింతలు

మొన్న ఆదివారం మా మనవరాలు హారిక ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని నా మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వాళ్ళ ఆఫీసులో ఏడాదికొకసారి పైవాళ్ళు కిందివాళ్ళ గుణదోషాలు రాసి పంపుతారట. దీనికి వచ్చిన కాగితంలో, పని బాగానే చేస్తుంది కానీ చేసిన పని గురించి 'అండర్‌స్టేటెడ్లీ' చెప్పుకుంటుంది అని ఒక ముక్క ఉంది. "తాతా, గిది తిట్టా, పొగడ్తా?" అని అడిగింది. ముప్ఫై ఏళ్ళు సర్కారీ దఫ్తరులో అనువాదకుడిగా కాగితాలు నమిలినవాణ్ణి కదా, ఏ ఇంగ్లీషు మాట గుమ్మం తొక్కినా దాని కులగోత్రాలు చెప్పి కూర్చోబెడతానని ఇంట్లో అందరికీ నమ్మకం. ఆ నమ్మకాన్ని పెంచి పోషించింది నేనే. "ఈ మాట నాకు మీ నాయన పుట్టకముందు నుంచి తెలుసు" అన్నాను. అది చాయ్ పెట్టడానికి లోపలికి పోగానే లేచి నిఘంటువు తీశాను. భూతద్దం దొరికేసరికి చాయ్ వచ్చేసింది. ఇక ఆ పేజీని వేలితో పట్టుకుని, మధ్యమధ్య దొంగచూపులు చూస్తూ పాఠం చెప్పాను.

పాఠం ఇది. ఉన్నదాన్ని ఉన్నంత చెప్పకుండా ఒక మెట్టు దించి చెప్పే తీరు అది. గొంతు పెంచకుండా, రంగు పులమకుండా. మాటకే కాదు, బట్టకూ వాడతారు. పెళ్ళికి జరీ లేని లేతరంగు చీర కట్టుకుని వచ్చి, ఆ చీరతోనే నలుగురి కళ్ళలో పడిన ఆవిడ ఆ తీరున ముస్తాబైందని అంటారు. వానకు గోడ కూలినవాడు "జర తడిసింది" అంటే అదీ ఇదే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. వినేవాడికి అసలు సంగతి తెలిసి ఉండాలి, లేదా ఊహించుకునే తెలివైనా ఉండాలి. గోడ కూలిందని తెలిసినవాడు "జర తడిసింది" అన్న మాటకు నవ్వి, భుజం తట్టి, నాలుగు ఇటుకలు మోయడానికి వస్తాడు. తెలియనివాడు తువ్వాలు ఇచ్చి పంపేస్తాడు.

"అంటే మా మేనేజర్ నాకు తువ్వాలు ఇచ్చిండన్నట్టు" అంది హారిక. తెలుగులో దీన్ని ఏమంటారని కూడా అడిగింది. ముప్ఫై ఏళ్ళ అనుభవమంతా తడిమి చూశాను, ఒక్క మాట దొరకలేదు. 'తగ్గించి' అంటే సగమే వస్తుంది. 'వినయంగా' అంటే దారి తప్పుతుంది. వినయం మనిషి గుణం, ఇది మాట నడక. మాటైతే దొరకలేదు కానీ మనిషి దొరికాడు. మా బాపు.

మా బాపు రఫూ పని చేసేవాడు. ఇప్పటివాళ్ళకు విప్పి చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు బట్ట చిరిగితే పారేస్తారు, చిరగకపోతే చింపించి తొడుక్కుంటారు. రఫూ అంటే పైన అతుకు వేయడం కాదు. ఆ బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి, పడుగుకు పడుగు, పేకకు పేక కలిపి, చిల్లు ఉన్నచోట మళ్ళీ బట్టనే నేయడం. లాల్‌దర్వాజాలో మాది కిరాయి ఇల్లు. ఒక గది, ఒక వంటిల్లు, తూర్పున ఒక కిటికీ. ఆ ఇంటికి మేం ఇచ్చే కిరాయి అంతా ఆ కిటికీకేనని అమ్మ అనేది. కిటికీ కింద జంపఖానా పరిచి, పొద్దున చాయ్ తాగి కూర్చుంటే ఎండ గది దాటిపోయేదాకా బాపు లేచేవాడు కాదు. బోర్లించిన సత్తుగిన్నె మీద బట్టను బిగించి, సూదిని చూసీ చూడనట్టు తోసేవాడు. ఎండ పోయిందా, పని ఆగిపోయేది. దీపం కింద చేసే రఫూ దొంగ రఫూ అనేవాడు. గదినిండా కలరా ఉండల వాసన, షేర్వాణీల మెడపట్టీలకు పట్టిన పాత అత్తరు వాసన, తడి ఉన్ని వాసన, వీటన్నిటి మీదుగా వంటింట్లోంచి పచ్చిపులుసులో నలిపిన ఉల్లిగడ్డ ఘాటు. కళ్ళు మూసుకుంటే ఎవరో పెళ్ళికొడుకు మా ఇంట్లో కూర్చుని పచ్చిపులుసు తాగుతున్నట్టుండేది.

ఆయన పని ఎంత సఫాయిగా ఉండేదంటే, ఒక పెద్దమనిషి తన షేర్వాణీని తిప్పి తిప్పి చూసి, "ఇది నాది కాదు, నాదానికి చిల్లుండె" అని లొల్లి పెట్టి పోలీసులను పిలిపించాడు. ఈ కథ నేను ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పానో లెక్కలేదు. పోలీసులు రాలేదు. లొల్లి కూడా కాలేదు. ఆయన బట్టను రెండుసార్లు తిప్పి చూసి, "ఏక్‌దమ్ గాయబ్ మియా" అని నవ్వి పోయాడు. కానీ రెండోసారి తిప్పడం మాత్రం నిజం, అది నేను కళ్ళారా చూశాను. దానికి మా బాపు జవాబు ఏమిటంటే, దగ్గరపెట్టి చూస్తే జర కనపడతది సాబ్, అని. నేను దగ్గర పెట్టి చూశాను. కనపడలేదు.

బాపు నోట్లోంచి వచ్చే ప్రతి మాటా ఉతికితే కుంచించుకుపోయిన బట్టలాగా ఉండేది. ఎక్కించుకోవాలంటే లాగాలి. ఎంత లాగాలో మా అమ్మ కట్టిన కొలత ఒకటుంది. "మీ బాపు మాటను నాలుగింతలు చేసుకోవాలె బిడ్డా, అప్పుడే అసలుకు వస్తది" అనేది. బాపు "బుక్కెడు తిన్న" అంటే కుండ అడుగు కనపడిందన్నమాట. "జర ఒళ్ళు ఎచ్చగుంది" అన్నది టైఫాయిడు. మూడు వారాలు మంచం దిగలేదు. నేను డిగ్రీ పాసైన రోజున "ఫర్వాలేదు" అన్నాడు, అని బయటికి పోయి, గల్లీ చివర ఇస్త్రీ బండి దాకా ఊరికే నడిచి, ఊరికే తిరిగి వచ్చాడు. మాకు తెలిసినంతలో ఆ "ఫర్వాలేదు" ఆయన జీవితంలో రెండోది. మొదటిది ఏమిటని అమ్మను అడిగితే సిగ్గుపడి వంటింట్లోకి పోయింది.

అమ్మ కూడా తగ్గించే చెప్పేది కానీ ఆవిడది వేరే బాపతు. ఏం వండినవ్ వదినా అని గోడ మీదినుంచి ఎవరైనా అడిగితే, ఏముంది, ఇంత పచ్చిపులుసు అనేది. అదే సమయానికి మా పొయ్యి మీద ఉడికే మాంసం వాసన గల్లీ మలుపు తిరిగి ఉండేది. అది దిష్టి భయం, అంటే ఉత్త అబద్ధం. అసలు ఆ కాలంలో పాతబస్తీ మొత్తానికే ఈ జబ్బు ఉండేది. నలభై గదుల దేవిడీ ఉన్నాయన తన ఇంటిని గరీబ్‌ఖానా అనేవాడు, ఒక్క గదిలో ఉన్న మమ్మల్ని దౌలత్‌ఖానాలో అందరూ ఖైరియతేనా అని అడిగేవాడు. మా బాపు తల వంచి ఆదాబ్ చేసి, ఆ మర్యాదనంతా నమ్మేవాడు. నేను మాత్రం ఎప్పుడూ అనుకునేవాణ్ణి, ఒక రోజు ఇళ్ళు మార్చుకుందాం నవాబ్ సాబ్, మీరు దౌలత్‌ఖానాకు రండి, మేం గరీబ్‌ఖానాలో సర్దుకుంటాం అని. ఆ మాట ఆయన ముఖం మీదే అనేశానని కూడా కొన్నిచోట్ల చెప్పాను. అనలేదు. అనే ధైర్యం ఉంటే నేను అనువాదకుడిని ఎందుకవుతాను?

ఇట్లాంటి ఇంట్లో పెరిగాను నేను. రోజంతా ఒక మనిషి మాటను నాలుగింతలు చేసుకుంటూ బతికినవాడికి ఆ చెయ్యి ఊరికే ఉండదు. అందరి మాటలూ నాలుగింతలు చేయడం మొదలుపెట్టాను, చివరికి నా మాటలు కూడా. ఇప్పుడైతే నా విద్యకు విలువ లేదు. మా గల్లీ మొదట్లో నిన్నగాక మొన్న పొయ్యి వెలిగించిన చాయ్ బండికి 'వరల్డ్ ఫేమస్' అని బోర్డుంది. బోనాలప్పుడు రెండు క్యాన్ల మజ్జిగ పంచినాయనకు రెండంతస్తుల ఫ్లెక్సీ కట్టారు, అందులో ఆయన చుట్టూ ఇరవై ఇద్దరు తమ్ముళ్ళు, అందరూ సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని. హారిక ఆఫీసులో ఒకాయన అరగంట ఆలస్యంగా పంపిన లెక్కల కాగితాన్ని 'ఆట మార్చేసిన ఆవిష్కరణ' అని రాసుకుని పైకి పోయాడట. ఊళ్ళో నేనొక్కణ్ణే మాటను ఊది పెంచేవాణ్ణి అయినప్పుడు నా చుట్టూ జనం చేరేవారు. ఇప్పుడు ఊరంతా ఊదుతోంది. నాలాంటి చేతివృత్తి వాడు యంత్రాలతో ఎక్కడ పోటీపడతాడు?

సరే, అసలు సంగతికి వస్తాను. ఇంతసేపు చుట్టూ తిరగడానికి కారణం అది చెప్పడం ఇష్టం లేకపోవడమే.

యాకుత్‌పురాలో రషీద్ భాయ్ అని షేర్వాణీల దర్జీ ఉండేవాడు. బాపుకు సగం పని ఆయన దుకాణం నుంచే వచ్చేది. అప్పటికి రెడీమేడ్ బట్టలు వచ్చి పడ్డాయి, రఫూకు వచ్చే మూటలు చిక్కిపోయాయి. కిటికీ కింద ఎండ ఉన్నా బాపు చేతిలో బట్ట లేని రోజులు మొదలయ్యాయి. అలాంటి రోజున రషీద్ భాయ్ సైకిలేసుకుని ఇంటికే వచ్చాడు. పాత దేవిడీల బట్టలు, పరదాలు, శాలువాలు అన్నీ జమచేసి దాచే ఒక సర్కారీ సంస్థలో రఫూ చేసే మనిషి కావాలట. పక్కా నౌకరీ, రిటైరైతే పెన్షన్. మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన అధికారి తానే వచ్చి మనిషిని చూస్తానన్నాడట. ఆయనకు అరవం, ఇంగ్లీషు తప్ప ఇంకొకటి రాదు. "నీ కొడుకు ఇంగ్లీష్ సదువుతడు గదా భాయ్, తర్జుమా జేస్తడు. నువ్వు ఖాలీ కూసో" అన్నాడు రషీద్ భాయ్. బాపుకు అప్పుడు యాభై దాటాయి. నాకు ఇరవై ఒకటి. టైపు నేర్చుకుంటూ, ఇంగ్లీషు పేపరు చంకలో పెట్టుకుని తిరిగేవాణ్ణి. లోపల చదివింది తక్కువ, బయటికి కనపడేలా మడిచింది ఎక్కువ.

చూపులు రషీద్ భాయ్ దుకాణంలోనే. మద్రాసు సారు బక్కపలచని మనిషి, తెల్ల చొక్కా, నుదుటి మీద సన్నటి నామం. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. బాపు కుర్చీ వద్దని, కత్తిరించిన ముక్కల మధ్య కింద కూర్చున్నాడు. నేను ఇద్దరి మధ్య నిలబడ్డాను. ఎన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నారని ఆయన అడిగాడు. ఏదో, చిన్నప్పటి సంది చేస్తున్న అన్నాడు బాపు. మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే విద్య సార్, దేవిడీల జనానాల్లోంచి పరదా పల్లకీలో బట్టలు మా గుమ్మానికి వచ్చేవి అని నేను ఇంగ్లీషులో చెప్పాను. పల్లకీ అన్న మాట రషీద్ భాయ్‌కి అర్థమైనట్టుంది, దగ్గు వచ్చింది. పాత కశ్మీరీ శాలువాలు, జరీ పనివి బాగుచేయగలరా అని అడిగాడు. కొన్ని అయితయ్, కొన్ని కావు, చూడాలె అన్నాడు బాపు. ఈయన చేతికి లొంగని బట్ట ఇంకా నేయలేదు సార్ అన్నాను. బాగుచేసినచోట చిల్లు ఎక్కడుందో వెతకడానికి మనుషులు వచ్చి ఓడిపోయి వెళ్తారు అని కూడా, అడగకుండానే, కలిపాను. అప్పుడు నాకు అబద్ధం చెబుతున్నానని అనిపించలేదు. బాపు మాటలను నాలుగింతలు చేస్తున్నాను, అంతే. ఇంట్లో రోజూ చేసేదే, ఇక్కడ పైకి చేస్తున్నాను.

లేవబోయే ముందు బాపు నా వైపు చూసి, "కండ్లు జర మసకగున్నయ్. పొద్దుగాల వెలుతురుంటే నడుస్తది, లేకుంటే నడువది. గదొక్కటి సారుకు చెప్పు" అన్నాడు.

ఆ ఒక్కటి చెప్పమన్నాడు. నేను చెప్పాను కూడా, చెప్పలేదని అనను. కళ్ళు కొంచెం మసకగా ఉన్నాయంటున్నారు సార్ అని చెప్పి, ఒక నవ్వు నవ్వి, ఆయన మాట తీరే అంత, ఏదున్నా తక్కువ చేసుకుని చెప్పుకుంటారు అని తోక తగిలించాను. మద్రాసు సారు ముఖం విప్పారింది. "యువర్ ఫాదర్ స్పీక్స్ వెరీ అండర్‌స్టేటెడ్లీ" అన్నాడు. నేను ఆ మాట అదే మొదటిసారి వినడం. అర్థం తెలియలేదు. ఎస్ సర్, వెరీ, అన్నాను. మొదట్లో హారిక దగ్గర గొప్పలు పోయానని, నిఘంటువు చూసి చెప్పానని రాశాను కదా. నిఘంటువు చూసింది నిజమే, కానీ నేను ఆ మాటను వాళ్ళ నాయన పుట్టకముందే విన్నదీ నిజమే. తర్వాత ముప్ఫై ఏళ్ళు నిఘంటువు పక్కన కూర్చుని ఉద్యోగం చేసి కూడా, మొన్నటి ఆదివారం దాకా ఆ పేజీ తీయలేదు.

వారం తిరగకుండా ఆర్డరు వచ్చింది. బాపు కొత్త చొక్కా తొడుక్కుని నౌకరీకి పోవడం మొదలుపెట్టాడు. అమ్మ గోడ మీదినుంచి, ఏదో చిన్న పని దొరికింది వదినా, అని చెప్పింది. ఈసారి ఆవిడ గొంతే నాలుగింతలుంది. రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ బాపు "జర తంటా ఐతుంది" అన్నాడు. నేను పేపరు తిప్పుకుంటూ కూర్చున్నాను. అమ్మ చేతిలో చెంబు అలాగే పట్టుకుని, కొంచెంసేపు ఆయన్నే చూసి, నా దగ్గరికి వచ్చింది. "రేపు నువ్వు బాపు ఎంబడి పో. తంటా అంటుండు. మీ బాపు తంటా అనంగ నేను ఇన్నేండ్లల్ల వినలే" అంది.

పోయాను. సంస్థ భవనం పెద్దదే, కానీ బాపుకు ఇచ్చిన గది వెనకవైపు ఉంది. పైన, తాటిచెట్టంత ఎత్తున, ఒక గవాక్షం. తాటిచెట్టంత కాదు, మనిషిన్నర ఎత్తు. ఎండకు పాత బట్టలు పాడవుతాయని దానికీ కాగితం అంటించారు. ఒక ట్యూబులైటు వణుకుతోంది. బల్ల మీద ఏదో దేవిడీ తాలూకు చోగా, పైన తొడుక్కునే పొడవాటి అంగీ, మెడ కింద బెత్తెడు చిరుగు. రెండు నెలలైనా బాపు అందులో ఒక్క సూది దింపలేదు. పోగును పెదవికి తాకించి ఉన్నియా పట్టా అని పోల్చుకుంటున్నాడు. సూదిబెజ్జంలోకి దారం నన్ను ఎక్కించమన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. బాపు మాటలన్నిటినీ నాలుగింతలు చేసినవాణ్ణి, "జర మసకగున్నయ్" అన్న ఒక్కదాన్ని మాత్రం ఉన్నదున్నట్టు వదిలేశాను. వదిలేయడం కూడా కాదు, నాలుగో వంతు చేసి ఇచ్చాను.

"సారుకు చెప్పలేదా?" అని అడిగాను.

"రోజు చెప్తున్న బిడ్డా. దిఖ్‌తా నై సాబ్ అంటున్న. కండ్లు సూపెట్టి మరీ చెప్తున్న. ఆయన నవ్వి, నా భుజం మీద చెయ్యేసి పోతుండు."

ఆ నవ్వు ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఒక మనిషి మాటను ఎట్లా వినాలో నేను ఆ అధికారికి పాఠం చెప్పి వచ్చాను, ఆయన మంచి విద్యార్థిలా నేర్చుకున్నాడు. బాపు కనపడతలేదు అంటే, అబ్బ, ఎంత కనపడుతుందో అనుకుంటున్నాడు. ఆఫీసులో అందరికీ చెబుతున్నాడట, అసలైన పనివాడు ఇట్లాగే ఉంటాడు, బట్టతో స్నేహం కుదిరేదాకా సూది ముట్టడు అని. నేను నేరుగా ఆయన గదికి పోయి, నేను ఆ రోజు చెప్పినదాంట్లో చాలావరకు నా సొంత కవిత్వమని, బాపు కళ్ళు నిజంగానే దెబ్బతిన్నాయని ఒప్పుకున్నాను. నా జీవితంలో అంత సూటిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. మద్రాసు సారు చిరునవ్వు నవ్వి, తండ్రి గుణమే కొడుక్కీ వచ్చింది అన్నాడు. ఊదరగొట్టేవాడికి పడే శిక్షలు చాలా ఉన్నాయి కానీ, నిజం చెప్పిన రోజున మెచ్చుకోలు దొరకడంకన్నా పెద్దది నేను చూడలేదు.

ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పాను. ఆదివారం పొద్దున బాపు పెట్టెలోంచి తన పాత శాలువా తీశాడు. చలికాలమంతా కప్పుకునేది, గోధుమరంగుది. దాని నడుమ కత్తెరతో రూపాయి బిళ్ళంత చిల్లు చేశాడు. అమ్మ అయ్యో అంది కానీ ఆపలేదు. కిటికీ కింద జంపఖానా మీద, ఎండ బాగా ఉన్న వేళ, గిన్నె బోర్లించి కూర్చున్నాడు. నేను దారం ఎక్కించి ఇస్తూ పక్కన కూర్చున్నాను. ఎండ గది దాటేలోపు ఆ చిల్లును రఫూ చేశాడు, తనకు చేతనైనంత బాగా. కావాలని చెడగొట్టలేదు, అది నేను చూశాను. పోగులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఉబ్బి, వానపాము చుట్ట చుట్టుకుని పడుకున్నట్టుంది.

మర్నాడు ఆ శాలువాను మద్రాసు సారు బల్ల మీద పరిచాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా పని చేసి, చేసిన చోటు ఎవరికీ చూపించని మనిషి, దాని మీద వేలు పెట్టాడు.

"ఇదే నా పని సారు. ఇప్పటికి ఇంతే."

సారు నా వైపు చూశాడు. ఇదే ఆయన పని సార్, ఇప్పటికి ఇంతే, అని చెప్పాను. ముందు ఒక మాట కలపలేదు, వెనక ఒక తోక తగిలించలేదు. సారు బొటనవేలితో ఆ ఉబ్బును తడిమాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ తడిమాడు. ఈసారి నవ్వలేదు. బాపు శాలువా మడిచి బయలుదేరుతుంటే లేచి నిలబడ్డాడు. లేచి నిలబడ్డాడని రాస్తున్నాను కానీ, కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు మాత్రమే విన్నాను నేను. అప్పటికే తల దించుకుని ఉన్నాను.

నౌకరీ పోయింది. మరుసటి ఏడు ఒక కంటికి ఆపరేషన్ అయి, పొర తీస్తే చూపు కొంత వచ్చింది. రషీద్ భాయ్ దగ్గర కాజాలు కుట్టే పనికి అది సరిపోయింది. రఫూ మళ్ళీ చేయలేదు. అమ్మ ఆ వానపాము శాలువానే కప్పుకునేది, ఎవరైనా ఏమిటదని అడిగితే మా ఇంటాయన కుట్టిండు అని చెప్పేది. ఇప్పుడు ఆలోచిస్తే, తగ్గించి చెప్పే మనుషుల కాలం గొప్పదని, ఊదేవాళ్ళ కాలం చెడ్డదని రాసి ఈ అధ్యాయం ముగించడం నాకు చాలా సులువు. చప్పట్లు కూడా పడతాయి. కానీ అది కూడా ఊదడమే. తగ్గించి చెప్పేవాడు బతకాలంటే పక్కన మా అమ్మలాంటి మనిషి ఒకరుండాలి, తంటా అన్న మాటకు చెంబు పట్టుకుని ఆగిపోయే మనిషి. మా బాపుకు ఉండాల్సింది ఆ దుకాణంలో అమ్మ. ఉన్నది నేను.

సారుకు శాలువా చూపించిన రోజు ఆ సంస్థ నుంచి ఇద్దరం నడిచే వచ్చాం. నయాపూల్ మీదికి చేరాం. వంతెన నడుమ, మేకల మంద ఒకటి అడ్డం వస్తే బాపు ఆగి, "గా రోజు రషీద్ దుకాణంల నువ్వు సారుకు ఏమేం చెప్పినవ్?" అని అడిగాడు.

చెప్పక తప్పలేదు. ఇంగ్లీషులో జోరుగా సాగినవి తెలుగులోకి వచ్చేసరికి నాలుక మీద బండరాళ్ళయ్యాయి. మూడు తరాల విద్య అని చెప్పిన. పల్లకీల బట్టలొచ్చేవని చెప్పిన. నీ చేతికి లొంగని బట్ట లేదని చెప్పిన. చిల్లు ఏడుందో ఎంకులాడి ఓడిపోతరని చెప్పిన. ఆయన ముఖం వైపు చూడకుండా, మేకల వైపు చూస్తూ ఒక్కొక్కటే చెప్పాను. కండ్ల సంగతి గూడ చెప్పిన బాపు, కానీ నీ మాట తీరే అంత అని నవ్విన. అది కూడా చెప్పేశాను.

మంద దాటిపోయింది. బాపు మడిచిన శాలువాను ఒక చంక నుంచి రెండో చంకకు మార్చుకున్నాడు.

"మూడు తరాలు కాదు" అన్నాడు. "మా తాత బండి తోలిండు. రెండే."

మిగతా వాటిలో దేన్నీ ఆయన దిద్దలేదు.